కైగల్ జలపాతానికి ముప్పాతిక ప్రదక్షిణ

సినిమాలో జలపాతానికి ముఖమే వుంటుంది గానీ వీపు వుండదు. మీరెప్పుడైనా గమనించారా? హీరోయిన్ తెల్లచీరలో తడుస్తూ వుంటుంది. హీరోగారు ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదికి గెంతుతూ వుంటారు. వెనకాల నీళ్ళు పాలనురుగులా దూకుతూ వుంటాయి. పల్లవి, రెండు చరణాలు, నాలుగు నిమిషాలు. అంతే! ఆ నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో, దూకిన తర్వాత ఎటు పోయాయో మనకీ పట్టదు, దర్శకుడికీ పట్టదు. పట్టనక్కరలేదు కూడా. పాట అయిపోగానే విలన్ వచ్చేస్తాడు కదా!

ఇంకో విచిత్రం ఏమిటంటే, తెరమీద జలపాతం ఎత్తు నిర్మాతగారి బడ్జెట్టును బట్టి పెరుగుతుంది. 2015లో వచ్చిన ‘బాహుబలి’లో కథానాయకుడు ఎగబాకిన జలపాతం గుర్తుందా? దానికి ఆధారం కేరళలోని అతిరప్పిళ్ళి. అసలుది సుమారు 80 అడుగులు. గ్రాఫిక్స్ వాళ్ళ చేతిలో పడేసరికి అది మబ్బుల్లోంచి దిగొచ్చింది! నేను తప్పు పట్టడం లేదండోయ్. ఆ మాయ కోసమేగా మనం టిక్కెట్టు కొనేది!

కానీ ఇప్పుడు నేను చెప్పబోయేది మాయ లేని జలపాతం సంగతి. ఎత్తు 40 అడుగులే. పేరు కైగల్. చుట్టుపక్కల వాళ్ళు దుముకురాళ్ళు అని కూడా అంటారు. మా పాత చిత్తూరు జిల్లాలో పలమనేరు నుంచి కుప్పం పోయే రోడ్డు మీద కైగల్ అనే వూరుంది. అక్కణ్ణించి రెండున్నర కిలోమీటర్లు లోపలికి పోతే ఏరు, ఏటి మధ్య నున్నటి బండలు, ఆ బండల అంచు నుంచి దూకే నీళ్ళు, కింద గుండం. చుట్టూ కౌండిన్య అభయారణ్యం. కౌండిన్య నదీ, కైగల్ ఏరూ రెండూ పాలారుకు ఉపనదులే. ఆ పాలారు కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, అక్కడ 93 కిలోమీటర్లు, కుప్పం పక్కన మన రాష్ట్రంలో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. సినిమా భాషలో చెప్పాలంటే మనది అతిథి పాత్ర. అయినా ఆ కాస్త వేషం మీదే ఎంత తగవు నడిచిందో! నదీజలాల గురించి మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు 1892లోనే ఒప్పందం రాసుకున్నాయి. ఆ ఒప్పందంలో పాలారు కూడా వుంది.

ఇక మా యాత్ర సంగతికి వస్తాను. మదనపల్లెలో ఒకే కాలేజీలో చదువుకున్న స్నేహితులం, మా ఇంటివాళ్ళు, పిల్లలు, అందరం కలిసి ఏటా కార్తీక మాసంలో వనభోజనాలకు పోవడం అలవాటు. ఈసారి మొత్తం 14 మందిమి తేలాం. మదనపల్లె వాళ్ళు ఆరుగురు, పుంగనూరు వాళ్ళు నలుగురు, కుప్పం వాళ్ళు నలుగురు. ‘ఏటా హార్సిలీ హిల్సేనా? కారులో కొండెక్కి, కారులో కొండ దిగి, దానికి వనభోజనాలని పేరా? ఈసారి నడుద్దాం’ అన్నారు కుప్పం వాళ్ళు. సరే, కైగల్ చుట్టూ నడిచి వద్దామని నిర్ణయమైంది. ముందు గుండం చూడాలి. పక్కనున్న బండల మీదుగా జలపాతం పైకెక్కాలి. అక్కడ ఏరు దాటి, అవతలి కొండ వెనకనుంచి తిరిగి మళ్ళీ వూరి దారికి రావాలి. ‘అంటే గుడి చుట్టూ తిరిగినట్టు ప్రదక్షిణ చేస్తామన్నమాట’ అంది మా అక్కయ్య. ఆవిడకు ఆ మాట దొరకగానే కాళ్ళ నొప్పులు పోయాయి.

మా 14 మందిలో ఇద్దరి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకరు మా పెద్దబావ. వయసు 74. ఆయన 1970లలో మద్రాసు స్టూడియోల్లో లైట్‌మన్‌గా పనిచేశాడు. పెద్ద పెద్ద హీరోల ముఖాల మీద వెలుగు వేసిన చేతులవి. ఇప్పటికీ ఎవరింటికి పోయినా దీపం ఎక్కడుంది, నీడ ఎటు పడుతోంది అనే చూస్తాడు. రెండోవాడు మా మేనల్లుడు. హైదరాబాదులో ఒక దర్శకుడి దగ్గర సహాయ దర్శకుడు. వాడు వనభోజనాల కోసం రాలేదు. వాళ్ళ సినిమాలో ఒక పాటకూ ఒక ఫైటుకూ లొకేషన్ వెతుకుతున్నారట. ‘మామా, ఇప్పుడు మన చిత్తూరు యాసకు భలే గిరాకీ. 2021లో ‘పుష్ప’ వచ్చాక అందరికీ మన మాటే కావాలి. కానీ చూడు, కథేమో మన శేషాచలం అడవుల్లో జరుగుతుంది, షూటింగేమో ఎక్కువ భాగం అక్కడెక్కడో మారేడుమిల్లిలో జరిగింది! మన మాట కావాలి గానీ మన వూరు వద్దా? నేను కైగల్‌ని తెరకెక్కిస్తా’ అన్నాడు. వాడి ఉత్సాహం చూసి నాకూ ముచ్చటేసింది. మన వూరి పేరు తెరమీద చూసుకోవాలని ఎవరికుండదు చెప్పండి?

తెల్లవారుజామునే మదనపల్లెలో వ్యాను ఎక్కాం. పుంగనూరులో ఆగి అక్కడివాళ్ళను ఎక్కించుకున్నాం. పలమనేరులో టిఫిన్లు కానిచ్చి కైగల్ చేరేసరికి, కుప్పం వాళ్ళు అటువైపు నుంచి వచ్చి మాకంటే ముందే కూర్చునున్నారు. ఈ మూడు వూళ్ళవాళ్ళు కలిస్తే మొదట జరిగేది గొప్పలు చెప్పుకోవడం. ‘జనగణమనను రవీంద్రుడు ఇంగ్లీషులోకి అనువదించింది మా మదనపల్లెలో, 1919లో’ అంటారు మావాళ్ళు. ‘అయితే ఏం? మూడడుగుల ఎత్తుండి చిక్కటి పాలిచ్చే ఆవు ప్రపంచంలో మా పుంగనూరు పేరు మీదే వుంది’ అంటారు వాళ్ళు. ‘చిత్తూరు నాగయ్యగారు చదువుకున్నది మా కుప్పంలోనయ్యా! పోతన, త్యాగయ్య, వేమన... ముగ్గురినీ మీకు చూపించింది ఆయనే’ అంటారు కుప్పం వాళ్ళు. దాంతో అందరూ నోళ్ళు మూసుకోవాల్సిందే! సినిమా ముందు ఆవైనా, అనువాదమైనా నిలుస్తుందా?

అడవి వాళ్ళకు ముందే చెప్పి, వాళ్ళు చూపించిన మనిషిని దారి చూపడానికి తోడు తీసుకున్నాం. యాభై ఏళ్ళుంటాయి. పక్క పల్లె రైతు. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర, కాళ్ళకు అరిగిపోయిన చెప్పులు. మా పిల్లలు వేలకు వేలు పోసి కొన్న బూట్ల వైపు ఒకసారి చూశాడు గానీ ఏమీ అనలేదు. అన్నదల్లా ఇదే: ‘గట్టిగా మాట్లాడొద్దండి. పాటలు పెట్టొద్దండి. నేను నిలబడితే మీరూ నిలబడిపోండి. ఎందుకని అడగొద్దండి.’

మా పిల్లల దగ్గర చిన్న స్పీకరు ఒకటుంది. అది సంచిలోకి పోయింది. మేనల్లుడి దగ్గర డ్రోన్ కెమెరా వుంది. ‘అది యెగిరే పని లేదు సార్’ అన్నాడు ఆ రైతు. వాడి ముఖం చూడాలి!

నడక మొదలైంది. ముందు వానలు బాగా పడ్డాయేమో, దారంతా పచ్చగా వుంది. చింతచెట్లు, వెదురు పొదలు, ముళ్ళ తుప్పలు. ఏటి చప్పుడు ముందు సన్నగా, తర్వాత కాస్త దగ్గరగా, వెదుళ్ళు దాటగానే ఒక్కసారిగా వినపడింది. గుండం దగ్గరికి వచ్చేశాం. ఎదురుగా దుముకురాళ్ళు. నీళ్ళు ఒకే ధారగా కాదు, బండల మెట్ల మీద తట్టుకుంటూ, చీలుతూ, మళ్ళీ కలుస్తూ దూకుతున్నాయి. తుంపర ముఖాలకు కొట్టింది. మా అక్కయ్య చెంపలు వేసుకుంది. పిల్లలు ఫోన్లు తీశారు. పెద్దబావ మాత్రం నీళ్ళ వైపు కాదు, ఆకాశం వైపు చూశాడు.

‘పదిన్నర దాకా వెలుతురు బాగుంటుంది. తర్వాత బండ నీడ పడుతుంది. రిఫ్లెక్టర్లు రెండు అక్కడ, ఒకటి ఇక్కడ’ అన్నాడు తనలో తాను. యాభై ఏళ్ళ కిందట వదిలిన వృత్తి!

మేనల్లుడు రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి అన్ని వైపులనుంచీ చూశాడు. ‘మామా, అద్భుతం! హీరోయిన్ అక్కణ్ణించి దిగుతుంది. వెనకాల 20 మంది డాన్సర్లు. రాత్రి ఎఫెక్టులో ఒక చరణం. గుండం చుట్టూ లైట్లు పెడితే...’ అని చెప్పుకుపోతున్నాడు. రైతు వింటూ నిలబడ్డాడు. ‘సినిమా తీస్తారా సార్ ఈడ?’ అని అడిగాడు. వాడు ఔనన్నట్టు తలూపాడు. రైతు ముఖంలో సంతోషమూ కనపడలేదు, కోపమూ కనపడలేదు. ‘పైకి పోదాం రండి’ అన్నాడు.

జలపాతం పక్కన బండలెక్కడం పెద్ద కష్టమేమీ కాదు గానీ, తడిసినచోట పాచి. 14 మందిలో అందరికంటే మెల్లగా నడిచేవాడి నడకే అందరి నడక కావాలి కదా! మా పెద్దబావ ప్రతి పది అడుగులకూ ఆగాడు. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు. తర్వాత వాళ్ళే ఒకరు ముందు, ఒకరు వెనక నిలబడి చెయ్యి అందించారు. నాకు తెలిసి మా పిల్లలు ఇంట్లో ఏ పెద్దవాడికీ అంతసేపు చెయ్యి పట్టుకోనివ్వలేదు.

పైన ఏరు వెడల్పుగా, నిశ్శబ్దంగా వుంది. ఇంత హడావుడిగా దూకేది ఈ నీళ్ళేనా అనిపించేంత నెమ్మది. అక్కడ బండల మీద భోజనాలకు కూర్చున్నాం. కార్తీకమాసం కాబట్టి కోడి లేదు. ఆ విషయంలో పుంగనూరు వాళ్ళకు కొంచెం బాధ. రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, చిత్రాన్నం, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. చివర్లో ఓళిగలు. ఉసిరిచెట్టు కింద తినాలని అక్కయ్య పట్టుదల. చెట్టు దొరకలేదు. ఇంటినుంచి తెచ్చిన ఉసిరికొమ్మను బండ సందులో నిలబెట్టి దాని కింద కూర్చుంది. ‘ఇదీ సెట్టింగే!’ అని పెద్దబావ నవ్వాడు.

రైతు మాతోపాటే తిన్నాడు. తింటూ తింటూ మాటల్లో పడ్డాడు. మా పిల్లవాడొకడు ‘ఇక్కడ ఏనుగులుంటాయా అన్నా?’ అని అడిగాడు. ‘వుంటాయా అని అడిగితే ఎట్లా? అవి వుండే చోటికి మనం వచ్చినాం’ అన్నాడు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ఈ అడవుల్లో దాదాపు రెండు వందల ఏళ్ళపాటు ఏనుగు లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి గుంపులు ఇటు నడిచి వచ్చాయి. వచ్చి స్థిరపడ్డాయి. వాటికోసమే 1990లో ప్రభుత్వం 357 చదరపు కిలోమీటర్ల మేర కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించింది. కాగితం మీద గీత గీశారు గానీ, గీత ఇవతల పొలాలు, అవతల అడవి. ఏనుగుకు ఆ గీత చదవడం రాదు. పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీళ్ళు కావాలి. మేత ఎక్కడ మెత్తగా వుంటే అక్కడికే పోతుంది. చెరకు, వరి, రాగి, అరటి... ఎవరు వద్దంటారు!

మన తరం వాళ్ళకు ఏనుగంటే సినిమా ఏనుగే. 1971లో ‘హాథీ మేరే సాథీ’ చూసి ఏడవనివారు లేరు. 1977లో ‘అడవి రాముడు’ వచ్చింది. రామారావుగారు అడవిని కాపాడే ఆఫీసరు, చుట్టూ ముదుమలై అడవులు, పిలిస్తే పలికే ఏనుగులు. మా పెద్దబావ ఆ సినిమా తొమ్మిదిసార్లు చూశాడు. అవి మావటి చేతికింద పెరిగిన ఏనుగులు. షాట్ అనగానే తొండమెత్తుతాయి, కట్ అనగానే చెరకు తింటాయి. దుముకురాళ్ళ ఏనుగులకు కట్ అని చెప్పేవాడు ఎవరూ లేరు.

భోజనాలయ్యాయి. ఆకులు, కవర్లు, సీసాలు ఒక్కటీ వదలకుండా సంచుల్లోకి ఎత్తుకున్నాం. ఏరు దాటి అవతలి గట్టెక్కాం. ఇప్పుడు జలపాతం మా వెనకపడింది. కొండ వెనకవైపు పూర్తిగా వేరే లోకం. చప్పుడు లేదు, తుంపర లేదు. గడ్డి, వెదురు, ఎర్రమన్ను. ఏటికి దిగే బాట ఒకటి కనపడింది. మనుషుల బాట కంటే చాలా వెడల్పు. ఇరువైపులా తుప్పలు ఒత్తుకుపోయి, మధ్యలో నేల రోలు కొట్టినట్టు గట్టిగా వుంది. ‘ట్రాలీ వెయ్యడానికి భలే వుంది’ అన్నాడు మేనల్లుడు.

రైతు నిలబడిపోయాడు.

మేమూ నిలబడ్డాం. వెదురు గడలు నాలుగైదు నడుముకు విరిగి పడున్నాయి. విరిగినచోట ఇంకా పచ్చిగా నీరు కారుతోంది. పక్కనే పెద్ద బుట్టంత పేడకుప్ప. రైతు వంగి అరచెయ్యి దాని మీదికి దగ్గరగా పెట్టాడు.

‘ఇంకా వేడి చల్లారలేదు. గంట కూడా అయ్యుండదు. ఇంక ముందరికి పోయేది లేదు’ అన్నాడు మెల్లగా.

‘ఎంత దూరంలో వున్నాయన్నా?’

‘ఎంత దూరమైతే ఏమి సార్? నీళ్ళకు దిగే దావ ఇది. మనం దావలో నిలబడుండాం.’

అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఇంకో ముప్పావుగంట నడిస్తే ప్రదక్షిణ పూర్తవుతుంది. ‘అంతా కలిసి మెల్లగా పోతే ఏమవుతుందిలే. ఒక్క షాట్... దూరంనుంచి’ అన్నాడు మేనల్లుడు. కుప్పం స్నేహితుడు కూడా కొంచెం మొగ్గాడు. ‘సగంలో ఆపితే ప్రదక్షిణ ఫలం వుండదురా’ అంది అక్కయ్య, భయపడుతూనే.

అప్పుడు మా పెద్దబావ మాట్లాడాడు. ‘ఒరే, నేను కొన్నేళ్ళు సెట్లలో పనిచేశాను. రాజుగారి కోట వేస్తారు. ముందర్నించి చూస్తే బంగారం. వెనక్కి పోతే వెదురు కర్రలు, గోనె పట్టాలు, మేకులు. సెట్టుకు వెనకవైపు ఏమీ వుండదు. అందుకే మనం ఎప్పుడూ ముందర్నించే చూడ్డం నేర్చుకున్నాం. ఈ కొండకు వెనకవైపు వుంది. వుండేవాళ్ళు వెనకే వుంటారు. పదండి, పోదాం.’

దూరంగా కొండవాలులో వెదుళ్ళు కదిలాయి. గాలి లేదు. ఒక్క కొమ్మ ఫట్‌మని విరిగిన చప్పుడు. ఏనుగు కనపడలేదు. కనపడాలని ఆ నిమిషంలో ఎవరికీ అనిపించలేదు కూడా. మా గుండెల చప్పుడు మాకే వినపడింది. రైతు కర్రతో సైగ చేశాడు. పరుగెత్తకుండా, మాట్లాడకుండా, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. పెద్దబావను ఈసారి పిల్లలు ముందు నడిపించారు. ఏరు దాటి బండ మీద కూర్చునేదాకా ఎవరూ నోరు విప్పలేదు.

అక్కడ రైతు చెప్పిన మాటలు నేను మరిచిపోలేను. ఏడాది కిందట ఆయన రెండెకరాల్లో రాగి వేశాడు. కోతకు వచ్చింది. ‘తిన్నింది కొంచెమే సార్, తొక్కింది శానా. తెల్లారి చూస్తే చేను చేనులాగా లేదు.’ నాలుగేళ్ళ కిందట ఆయన చిన్నాయన చేను కాపలాకు పోయి తిరిగి రాలేదు. చీకట్లో ఎదురుపడిందట. చెబుతున్నప్పుడు ఆయన గొంతు పెరగలేదు, తగ్గలేదు. ‘మాలో కొందరు కడుపుమండి చేనుచుట్టూ కరెంటు తీగ పెట్టినారు. దానికి ఏనుగూ సచ్చింది, మనిషీ సచ్చినాడు. నేను పెట్టను. దానికి తెలీదు గదా ఇది నా చేనని.’

‘మరి సినిమావాళ్ళు వస్తే మీ వూరికి మంచిదేనా అన్నా?’ అని మేనల్లుడే అడిగాడు. ఈసారి వాడి గొంతులో ఉత్సాహం లేదు.

‘మంచిదే సార్. రెండు దినాలు కూలి దొరుకుతుంది. టీకొట్టు నడుస్తుంది. మా పిల్లోళ్ళు హీరోను చూస్తారు.’ కొంచెం ఆగాడు. ‘గుండం చుట్టూ రాత్రిపూట లైట్లు అన్నారే... ఆ లైట్లు చూస్తే అవి నీళ్ళకు దిగవు. ఈడ దిగకపోతే ఇంకో పక్కకు పోతాయి. ఆ పక్క మా చేన్లు.’

అంతే! ఒక పాట చరణానికీ, ఒక రైతు రాగిచేనుకూ మధ్య ఇంత దగ్గర సంబంధం వుందని మాలో ఎవరికి తెలుసు?

పాట మామూలుది కాదు. పాట ఆగిపోయినా జనం ఆగరు. ‘ది బీచ్’ అని 2000 సంవత్సరంలో ఇంగ్లీషు సినిమా ఒకటి వచ్చింది. ‘టైటానిక్’ కుర్రాడు డికాప్రియో అందులో హీరో. దాన్ని థాయ్‌లాండులో మాయా బే అనే చిన్న తీరంలో తీశారు. ఆ సినిమా చూసిన వాళ్ళూ, చూడని వాళ్ళూ రోజుకు వేలకు వేలు పడవల్లో దిగారు. సముద్రం అడుగున పగడాల దిబ్బలు దెబ్బతిన్నాయి. చివరికి 2018లో ఆ తీరాన్నే మూసెయ్యాల్సి వచ్చింది. మళ్ళీ తెరిచింది 2022లో, అదీ లెక్క ప్రకారం మనుషుల్ని పంపుతూ. అది సముద్రం కాబట్టి తట్టుకుంది. మాది 40 అడుగుల ఏరు. ఎంతని తట్టుకుంటుంది?

అందుకని అడవిలో సినిమాలే తియ్యకూడదంటారా అని మీరు అడగొచ్చు. నేను ఆ మాట అనను. సినిమా పత్రికలో కూర్చుని సినిమా వద్దంటే నన్ను ఎవరు వుంచుతారు? అడవికి చట్టముంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో కెమెరా పెట్టాలంటే అనుమతి కావాలి. పైగా ఇప్పుడు మన రాష్ట్రంలో అడవుల శాఖ చూస్తున్నది కూడా సినిమా హీరోయే! పవన్ కళ్యాణ్‌గారు 2024లో బెంగళూరు పోయి, ఒకప్పుడు కన్నడంలో రాజ్‌కుమార్‌గారు అడవిని కాపాడే వేషం వేశారనీ, ఇప్పుడు హీరోలు అడవిని దోచుకునే వేషాలు వేస్తున్నారనీ అన్నారు. ఆయన చెప్పింది 1973 నాటి ‘గంధద గుడి’ సంగతి. 2025 మేలో కర్ణాటక మనకు కుంకీ ఏనుగుల్ని ఇచ్చింది. చేలమీద పడే అడవి ఏనుగుల్ని మళ్ళీ అడవిలోకి మళ్ళించడానికి తర్ఫీదు పొందిన ఏనుగులవి. వాటికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం కట్టారు. మంచిదే. కానీ అనుమతి కాగితం మీద గుండం పేరు వుంటుంది గానీ, ఆ గుండానికి వెనకవైపు ఎవరున్నారో వుండదు. అది నడిచి చూడాల్సిందే.

సాయంత్రం వూళ్ళోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రైతు ఇంటిముందు అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆయన భార్య మా అక్కయ్యకు కుంకుమ పెట్టి, ‘చూసినారా అక్కా?’ అంది. ‘చూడలేదు తల్లీ, వాసన మాత్రం తగిలింది’ అంది అక్కయ్య. ‘చూడకుండా పోతేనే మేలు’ అని ఆమె నవ్వింది. ఆ నవ్వు అయ్యేలోపే ఇంటాయన రాత్రి కాపలాకు సిద్ధమవుతున్నాడు. టార్చిలైటు, కంబళి, ఒక డబ్బా, నాలుగు టపాకాయలు. మాకు అది ఆదివారం. ఆయనకు మామూలు రోజు. మాతో నడిచినందుకు ఇచ్చిన డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని, ‘మళ్ళా రండి సార్. ఎండాకాలంలో మాత్రం రావద్దండి. అప్పుడు నీళ్ళు వాటికే చాలవు’ అన్నాడు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో మేనల్లుడు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పుంగనూరు దాటాక ఫోన్ తీసి వాళ్ళ దర్శకుడికి ఏదో రాశాడు. ఏం రాశావురా అని అడిగాను. చూపించాడు. జలపాతం బాగుందనీ, వెలుతురు బాగుందనీ, పాటకు పనికిరాదనీ రాశాడు. కింద ఇంకో మాట: ఫైటూ పాటా వద్దు గానీ, రాత్రిపూట చేను కాపలాకు పోయే ఒక రైతు కథ వుంది, వింటారా అని.

‘వాళ్ళ దర్శకుడు వింటాడంటావా?’ అని పెద్దబావను అడిగాను.

‘వింటాడో లేదో మనకెందుకురా? వాడు తొందరపడ్డా లొకేషన్ ఖాళీ లేదు. అక్కడ రాత్రి కాల్‌షీట్లన్నీ ఏనుగులవి’ అన్నాడాయన, కళ్ళు మూసుకుని.